పదకొండో డ్రమ్ములో ఎవరున్నారు

హలో... అందరికీ వినపడుతోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువైతే ఒక్క నిమిషం ఆపండి. ఫోన్లో రికార్డు చేసి పంపుతున్నా, ఈ సంగతి మెల్లగా చెప్పాలి.

గుయ్... మంటుంది చెవి దగ్గర.
చెయ్యి లేచేలోపు ఉండదు.

ఆ చప్పుడే నా బతుకు. ఇంటింటికీ తిరిగి నిలవ నీళ్ళు వెతికే ఉద్యోగం నాది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే. కుండీ కింద పళ్ళెం. పాత టైరు. మూత లేని డ్రమ్ము. వంచగలిగితే వంచడం, లేకపోతే మందు కలపడం. నా అసలు పేరు ఊళ్ళో ఎవరికీ పట్టదు. దోమల మామ అంటారు.

చదువు తొమ్మిదితో ఆగింది. అనుమానం మాత్రం ఆగలేదు.

నీళ్ళు కనిపిస్తే అనుమానం.
మూత కనిపిస్తే ఇంకా అనుమానం.

మా అక్క మొక్కలు పెంచి అమ్ముతుంది. కుళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది, అందుకని పెరట్లో పదకొండు డ్రమ్ములు. పది వరసగా. పదకొండోది వెనక, గోడ మూలన, గోనెపట్టా కప్పుకుని...

రోజూ పొద్దున్నే అక్క అక్కడికి వెళ్తుంది. చేతిలో టీ వడపోసే జల్లెడ. వంగుతుంది. ఏదో తీస్తుంది. నన్ను చూస్తే పట్టా లాగేస్తుంది.

"ఏంటక్కా అందులో?"

"నీకెందుకురా? ఊరంతా నీదే. ఆ డ్రమ్మొక్కటి నాకొదిలెయ్."

నవ్వుతూనే అంది.
ఆ నవ్వు మీదా అనుమానమే నాకు.

ఎందుకంటే ఆ ఇంట్లో నా మేనకోడలు ఉంది. అక్క కూతురు. ఏడో నెల. పక్క వీధిలో ఇద్దరికి దోమ జ్వరమని తేలింది. కడుపుతో ఉన్న పిల్లకి ఆ జ్వరం వస్తే — డాక్టరమ్మ ఆ మాట పూర్తి చెయ్యలేదు.

పూర్తి చెయ్యని మాట దోమ కంటే గట్టిగా మోగుతుంది.

ఒక రోజు అక్క మొక్కల బండితో సంతకి వెళ్ళింది. నేను పట్టా తీశాను.

నీళ్ళు నల్లగా ఉన్నాయి. అడుగున ఎండుటాకులు. ఆకుల మధ్య పురుగులు. మామూలు దోమ పురుగు దారప్పోగులా ఉంటుంది, గిలగిల్లాడుతుంది. ఇవి లావు. ముదురు ఎరుపు. అగ్గిపుల్లలో సగం పొడుగు. కదలవు.

ఊరికే... కాచుకుని ఉన్నట్టు.

పిల్లే ఇంతుంటే తల్లి ఎంతుంటుంది? ఎంత రక్తం తాగుతుంది?

మిగతా పదీ చూశాను. ఒక్కోదాంట్లో ఒక్కటి. ఎవరో చేత్తో వేసినట్టు.

ఎవరో ఏంటి — మా అక్కే. కూతురు కడుపుతో ఉన్న ఇంట్లో.

మందు కలిపాను. పదకొండింట్లోనూ.

సాయంత్రం అక్క వచ్చి చూసింది. అక్కడే, తిరగేసిన కుండీ మీద కూలబడింది.

"చంపేశావా?"

"చంపక? ఉయ్యాల ఊపమంటావా?"

"ఒరేయ్ తెలివైనోడా, అవీ దోమలేరా. కానీ మామూలు దోమ పురుగుల్ని తినే దోమలు. ఏడాదిగా చూస్తున్నా. ఈ వెనకదాంట్లో పుట్టినవాటిని జల్లెడతో తీసి డ్రమ్ముకి ఒకటే వేశా, రెండేస్తే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, ఆస్తికి కొట్టుకునే పాలివాళ్ళలాగ."

"మరి రెక్కలొచ్చాక మనల్ని కుట్టవా?"

"కుట్టవు. నా పూల మీద వాలి తేనె తాగి పోతాయి. చిన్నప్పుడు కసాయి, పెద్దయ్యాక సన్నాసి."

"నాకు చెప్పొచ్చుగా!"

"దోమ అన్న మాట వింటే నీ చెయ్యి ముందు లేస్తుంది. బుర్ర తర్వాత నడిచొస్తుంది. ఎలా చెప్పేది?"

నమ్మలేదు నేను. ఆఫీసులో ఒక మేడమ్ ఉంది, పురుగుల చదువు చదివినావిడ. ఫోన్ చేసి లావు పురుగు సంగతి చెప్పాను.

"అన్నీ చంపేశారా?" అంది.

అంతే అంది.

మందు బలం తగ్గింది. ఇరవయ్యో రోజుకి సన్నవి తిరిగొచ్చాయి. గిలగిలా... వందలు.
లావువి రాలేదు.

తినేవాడు లేని ఇంట్లో తిండి పెరిగినట్టు పెరిగాయి.

ఆ ఇరవై రోజులూ పెరట్లో తూనీగలు తిరగలేదని అక్క అంటుంది. సాలెగూళ్ళు ఖాళీగా ఊగాయట. ఒక్క దోమని నమ్ముకుని ఇన్ని నోళ్ళా? నాకేం తెలుసు. ఇన్నేళ్ళూ నేను నీళ్ళనే వంచాననుకున్నాను. ఆ నీళ్ళలో ఎవరెవరున్నారో...

మందు డబ్బా మళ్ళీ ఎత్తాను. మేనకోడలు గుమ్మంలోంచి అంది —

"మామయ్యా, ఈసారి ముందు చూసి, తర్వాత చంపు."

డబ్బా దించాను. తొమ్మిది డ్రమ్ములు మొక్కలకి వంచేశాం. కుళాయి వచ్చేదాకా రెండు తప్పవు. వాటికి గుడ్డ కట్టాం. రోజంతా ముంచి తోడే డ్రమ్ముకి గుడ్డ ఎంతసేపు నిలుస్తుంది?

ఇవాళ పొద్దున మేనకోడలు చెయ్యి వెచ్చగా ఉంది.

"ఎండకేలే" అంది అక్క. మొహం నాకు చూపించకుండా అంది.

రక్తం పరీక్షకి ఇచ్చి వచ్చాం. రేపు చెబుతారట.

నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. లావు పురుగు కోసం చెట్టు తొర్రలు చూశాను. కాలవ పక్కన పగిలిన తొట్లు చూశాను. టైర్ల షాపు వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. షాపువాడు నవ్వాడు.

"ఏం మామా, టైరు వంచకుండా ముద్దు పెట్టుకుంటున్నావు? ఒంట్లో బాగుందా?"

ఆ టైరులో దొరికింది. ఒక్కటి. లావుగా, ఎర్రగా.

అదేనా? ఇంకేదైనా లావు పురుగా? మేడమ్ ఫోన్ ఎత్తలేదు. అక్క కళ్ళజోడు పెట్టుకుని చూసి, తీసి, మళ్ళీ పెట్టుకుని —

"అదేలా ఉంది" అంది.

అదేలా.

ఉంచిన రెండిట్లో మేనకోడలి కిటికీ కింద ఉన్న డ్రమ్ములో వదిలాను.

అడుక్కి దిగింది. ఆకు పక్కన ఆగింది. చుట్టూ సన్నవి ఆడుతున్నాయి. ఒకటి దాని మూతి ముందు నుంచే పోయింది. మరొకటి...

కదలదు.

కాచుకుని ఉందా, చచ్చిందా, నన్ను చూస్తోందా?

లోపల మేనకోడలు దగ్గింది. నేను తల ఎత్తలేదు. ఎత్తిన ఆ ఒక్క క్షణంలో అది తింటుందేమోనని...

ఇంకా చూస్తూనే ఉన్నాను.

మీ వీధిలో నాలాగా మందు మోసే మనిషి ఉంటే, ఈ ముక్క ఆయనకి చేరవెయ్యండి. ఇవాళే. డబ్బా మూత తియ్యకముందే.