గౌస్ బాషా విప్పిన గోడలు

సత్తెనపల్లి దాటి కాస్త దూరం వెళితే, రోడ్డు పక్కన నాగేంద్రబాబుగారి మిర్చి గోడౌను కనిపిస్తుంది. నలభై మంది ఆడవాళ్ళు అక్కడ రేకుల కింద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీసేవారు. మార్చి దాటితే పైన రేకు సెగ, కింద కాయల ఘాటు. వాళ్ళ అవస్థ చూడలేక బాబుగారు చల్లగా ఉండే ప్యానెళ్ళతో కొత్త హాలు కట్టించారు. రెండు రేకుల నడుమ తెల్లటి థర్మాకోల్ దట్టించిన ఆ పలకలను బిగించినవాడు గౌస్ బాషా.

అతని భార్య మదార్‌బీ కూడా ఆ నలభై మందిలో ఒకతె. పది రోజులుగా ఆమె నోట ఒకటే మాట. "మా ఆయన బిగించిన గోడ! చెయ్యి పెట్టి చూడండి, ఎంత చల్లగుందో!"

"నీ మొగుడు గోడ కట్టాడా, గుంటూరు కట్టాడా?" అని పక్కన కూర్చుని తొడిమలు తీసే పుల్లమ్మ ఆటపట్టించినా ఆమె తగ్గేది కాదు.

ప్రారంభం రోజు పొద్దున్నే హాలు మధ్య గ్యాసు పొయ్యి పెట్టారు. కొత్త చోట పాలు పొంగించాలి కదా! చుట్టూ మిర్చి బస్తాలు, బయటికి పోవడానికి ఒకటే తలుపు. చదివేవారికి ఇందులో తప్పేమీ తోచకపోవచ్చు. అక్కడున్నవాళ్ళకూ తోచలేదు. పుల్లమ్మ అగ్గిపెట్టె తీసింది.

అంతలో గౌస్ బాషా గబగబా వచ్చి, సిలిండరు కట్టేసి, పొయ్యి ఎత్తుకెళ్ళి బయట పెట్టాడు.

మదార్‌బీకి తల కొట్టేసినట్టయింది. "ఏందయ్యా ఇది? శుభమా అంటా పాలు పొంగిస్తుంటే, నలుగురిలో పరువు తీస్తావా?"

"ఏం గౌసూ, మతి పోయిందా?" అన్నారు బాబుగారు, ముఖం ఎర్రగా చేసుకుని.

"ఒక్క నిమిషం బయటికి రండి బాబుగారూ." ఫ్యాను కోసం గోడలో కోసిన ముక్కను మట్టిలో పెట్టి, అగ్గిపుల్ల గీసి అంచుకు తాకించాడు. తెల్లటి థర్మాకోల్ భగ్గుమంది. కరిగి కారిన బొట్టు కూడా మండుతూనే ఉంది. నల్లటి పొగకు ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. చూస్తుండగానే రెండు రేకులే మిగిలాయి.

"అంటుకోని రకం అని సరుకు పంపినోళ్ళు చెప్తే నమ్మి బిగించాను. నిన్న కోస్తుంటే నిప్పురవ్వ పడి అంటుకుంది. మీకు చెబుదామంటే ఊళ్ళో లేరు, ఫోను కలవలేదు. ఈ రేకుల మధ్య మంట పాకితే పైకి కనపడదండి. కనపడేసరికి హాలంతా పొగ. నలభై మంది, ఒక్క తలుపు! ముందే కాల్చి చూడకపోవడం నా తప్పు. ఇక నాకు పని ఇవ్వకపోయినా సరే, నా చేత్తో బిగించింది నా చేత్తోనే విప్పుతా."

రాత్రి భర్త అన్నం ముట్టకుండా ఎందుకు పడుకున్నాడో మదార్‌బీకి అప్పుడు అర్థమైంది. ఆమె వెళ్ళి అతని పక్కన నిలబడింది.

బాబుగారు కాలిన రేకులను చెప్పుకాలితో తిరగేసి చూశారు. "విప్పెయ్ గౌసూ," అన్నారు.

నెల తిరక్కుండా రాక్‌వూల్ అనే రాతి పీచు నింపిన ప్యానెళ్ళు లారీలో వచ్చాయి. దింపకముందే మదార్‌బీ ఒక ముక్క అడిగి తీసుకుని, అగ్గిపెట్టె ఖాళీ అయ్యేదాకా పుల్లలు గీసింది. ముక్క నల్లబడింది గానీ అంటుకోలేదు. ఈసారి హాలుకు బయటికి తెరుచుకునే రెండు తలుపులు పెట్టారు. పాలు ఆరుబయట పొంగించారు.

అందరి ముందూ బాబుగారు లేచి, "గోడ చల్లగా ఉంటుందా అని అడిగాను, అంటుకుంటుందా అని అడగలేదు. మనుషులు మసిలే చోటు ఏది కట్టినా ముందు అడగాల్సింది ఆ రెండో మాటే. నాకది నేర్పినవాడు గౌస్ బాషా," అంటూ తన కండువా తీసి అతనికి కప్పారు.

పుల్లమ్మ మదార్‌బీని మోచేత్తో పొడిచింది. "ఇంక చెప్పవే, మా ఆయన బిగించిన గోడ అని!"

మదార్‌బీ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "బిగించడానికేముంది వదినా, ఎవరైనా బిగిస్తారు. తప్పని తెలిసినాక నలుగురిలో నిలబడి విప్పినోడు మా ఆయన!"