గుడ్డలో మిగిలిన జిగురు

తుపాను ఫిజీలోని వనువా లెవు దీవి దాటిపోతూ నీటి శుద్ధి కేంద్రంలో పొడి కలిపే మరను కూడా పాడుచేసింది. నదిలో నీళ్ళు కావు, ఎర్ర బురద పారుతోంది. ఒక్క పటికతో ఆ బురద దిగదు. రేణువులను ఒకదానికొకటి అంటించి అడుక్కి లాగడానికి పాలిమర్ పొడి పడాల్సిందే. ఆసుపత్రి ట్యాంకులో నాలుగింటిదాకా సరిపడే నీళ్ళే ఉన్నాయి, అక్కడేమో ఇద్దరు ఆపరేషన్ కోసం కాచుకుని ఉన్నారు.

"మర లేకపోతే చేతులు లేవా?" అన్నాడు పెద్ద ఆపరేటర్ అపిసాయి.

పొడి ఒక్కసారిగా నీళ్ళ పీపాలో కుమ్మరించాడు. ఉండలు కట్టింది. విందుల్లో తాగే యంగోనా పానీయం కోసం వేరుపొడిని నీళ్ళలో పిసికి వడకట్టడంలో ఆ ఊళ్ళో ఆయన్ని మించినవాడు లేడు. చేతికి అలవాటైన పని, ఇంకొకరు చెప్పాలా! ఉండలన్నీ గుడ్డలో మూటగట్టి పిండి, పిప్పి పక్కన పారేసి, ఆ పలచని నీళ్ళు నది నీళ్ళు తేర్చే తొట్టిలోకి వదిలాడు. గంట గడిచింది, తొట్టి తేరలేదు. ఇంకో డబ్బా తెచ్చి మళ్ళీ అదే పని చేశాడు.

లొసలీని అనే అమ్మాయి అక్కడ పనిలో చేరి ఏడాదే అయింది, కానీ దేన్నీ ఊరికే వదిలే రకం కాదు. గుడ్డ ఉతకమంటే, మంచినీళ్ళు లేక పటిక కలిసిన బురదనీళ్ళ బకెట్లో జాడించింది. ఎంత పిండినా జిగురు వదలదు. ఇదేం వింత అనుకుంటూ అరగంటకు తిరిగొచ్చి చూస్తే, బురదంతా అటుకుల్లా అడుక్కి చేరింది. పైన తేట నీళ్ళు.

"మామా, ఇలా రా. మనం పారేస్తున్నదే మందు."

"పిప్పిలో ఏముంటుందే పిచ్చిదానా? సారమంతా నీళ్ళలోకి దిగిపోతుంది."

"యంగోనాకైతే దిగుతుంది. ఇది కరగనే లేదు, చూడు." ఉండను గోటితో చీల్చింది. లోపల పొడి తెల్లగా అలాగే ఉంది.

అపిసాయి ముఖం కందిపోయింది. తెడ్డు తీసుకుని కొత్త పీపాలో నీళ్ళు సుడి తిప్పాడు. ఆమె ముగ్గు వేసినట్టు వేళ్ళ సందుల్లోంచి పొడి సన్నగా రాల్చింది. అది కరిగేదాకా ముప్పావుగంట ఇద్దరూ పీపా వదల్లేదు, కరిగాక తొట్టిలోకి వదిలారు.

మూడుంపావుకి ఆసుపత్రి నుంచి ఫోను వస్తే అపిసాయి ఎత్తాడు. రోగుల్ని వేరే ఊరు పంపెయ్యమంటారా అని అడుగుతున్నారు. తప్పంతా మర మీదికి నెట్టేస్తాడు కాబోలు అనుకుంది లొసలీని.

"ఎవర్నీ పంపకండి. తొట్టి తేరుతోంది, నాలుగింటికి నీళ్ళొస్తాయి," అన్నాడాయన. "ఆలస్యం మర వల్ల కాదు, నా వల్ల. మందంతా పిండి పారేశాను. మా లొసలీని కనిపెట్టింది."

గదిలో ఉన్న పనివాళ్ళందరూ విన్నారు. ఆయన ఫోను పెట్టేసి లొసలీని వైపు తిరిగాడు.

"రావే, ఇంకో పీపా కలపాలి. నువ్వు చెప్పు, నేను కలుపుతాను."