చిన్నది డిస్కు

“నీకెందుకూ పెద్ద కంప్యూటరు? గీతలు గీయడానికి ఈ డబ్బా చాలు,” అన్నాడు భర్త, వంటింటి గట్టు పక్కన దాన్ని బిగిస్తూ. ఇళ్ల ప్లాన్లు ఇచ్చే ఆర్కిటెక్టు ఆయన. కూర్చుని గీసేది మాత్రం ఆమె. ఆ డబ్బాకి సొంత బుర్ర లేదు. ప్రోగ్రాములూ ఫైళ్లూ సమస్తం ఆయన గదిలోని సర్వర్లోనే. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో మౌసు. జీతం ఊసెత్తితే “నీడపట్టున చేసే పనికి జీతమేంటమ్మా?” అని అత్తగారు నవ్వేసేది.

అందుకే, తనదంటూ ఒక చోటు ఉండాలని ఆమె ఒక డిస్కు కొనుక్కుంది. అక్క తనని పిలిచే పిలుపే దానికి పేరు పెట్టుకుంది: చిన్నది. డబ్బా వెనక తగిలించి, పనులన్నీ అయ్యాక అందులో ఒక ఇల్లు గీసుకుంటూ వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడితే వీధి కనిపించే కిటికీ. వంటింటి పక్కన, లోపలి నుంచి గడియపడే గది. దాని మీద ‘ఆమె గది’ అని రాసింది. తన పేరుతో ఇళ్ల డిజైన్ల పోటీకి పంపాలని ఆశ. “నా డిస్కు మీకు కనబడుతుందా?” అని ఆయన్ని అడిగింది కూడా.

“నీ డబ్బాలోది నీకు తప్ప ఎవరికి కనబడుతుందే, పిచ్చిదానా!” ముద్దుగానే అన్నాడు. నమ్మింది.

ఒక రోజు ఇల్లు కట్టించుకునే దంపతులు వచ్చారు. ఆమె టీ కప్పులతో హాల్లోకి వెళ్లేసరికి గోడ మీది తెర నిండా తన ఇల్లే! పైన డిస్కు పేరు: ‘చిన్నది’. కింద మూలన ఆర్కిటెక్టుగా ఆయన పేరు.

“ఆడవాళ్ల అవస్థ మీకింత బాగా ఎలా తెలిసిందండీ?” అని ఆ ఇల్లాలు మురిసిపోతోంది.

“ఇంట్లో చూస్తుంటాం కదండీ,” అన్నాడాయన వినయంగా.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. డబ్బాకి ఏది తగిలించినా సర్వర్‌కి కనబడేలా ముందే పెట్టుకున్నాడన్నమాట. తను గీసి, చెరిపి, సిగ్గుపడి మళ్లీ గీసిన ప్రతి గీతనీ ఎన్నాళ్ల నుంచి చూస్తున్నాడో! కాపీ అయినా చేసుకోలేదు, తన డిస్కులోంచే తెరిచి అందులోనే దిద్దాడు. అంత ధీమా. దిద్దింది కూడా ఎక్కువేం లేదు, ‘ఆమె గది’ అన్నచోట ‘స్టోర్ రూమ్’ అని మార్చాడు. దొంగతనం కన్నా ఆ రోజు అన్న ముద్దుమాటే ఆమెని ఎక్కువ కోసింది.

ట్రే దించి వంటింట్లోకి వచ్చి డిస్కు ఊడబెరికింది. హాల్లో ఆయన తర్వాతి పేజీ తెరవబోతే డిస్కు దొరకడం లేదని తెర మీద వచ్చింది.

“ఏమోయ్, అక్కడేమైనా ఊడిందా? చూడు!”

“ఊడలేదు. నేనే తీసేశాను.”

ఆయన గుమ్మంలోకి వచ్చి, ఆమె చేతిలో డిస్కు చూసి గొంతు తగ్గించాడు. “పెట్టెయ్. వాళ్ల ముందు పరువు తీయకు. మనలో మనకి నీదీ నాదీ ఏంటి?”

“ఇన్నాళ్లూ నేనూ అదే అనుకున్నాను.”

పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆయన్ని దాటుకుంటూ హాల్లోకి నడిచింది. ఆ ఇల్లాలి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఆ ఇల్లు గీసింది నేనండీ. కావాలంటే నాతో మాట్లాడండి.”