పలచటి అతుకు

నేను ఒక రేకు పెట్టెను. అంతకుముందు నూనె డబ్బాను. నరసరావుపేటలో రేకుల పని చేసే మస్తాన్ సాయిబు నన్ను కోసి, మడిచి, టంకం పోసి అతికాడు. కత్తెరంటే నాకు అప్పటి భయం ఇంకా పోలేదు. తర్వాత అంతకన్నా పెద్ద భయం ఒకటి పట్టుకుంది. అది మనిషి చెయ్యి.

ఆ చెయ్యి యేసోబుది. ఆటో తోలతాడు. మనిషి మంచివాడే. చేతిలో పడ్డ డబ్బు మాత్రం మధ్యాహ్నం దాకా నిలవదు. ఒకసారి లవ్‌బర్డ్స్ జత తెచ్చాడు. ఇంకోసారి మంచి ఎండాకాలంలో మూడు గొడుగులు తెచ్చాడు. తాగడు, పేకాడడు. అందుకని ఏమని తిట్టాలో పేటలో వాళ్ళకు తెలిసేది కాదు. గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పింది. బద్ధకం కాదు, బుర్ర తీరే అంత అంది. కంటికి కనబడనిది ఆయనకు లేనట్టే, కనబడింది ఆ క్షణానే కావాలి. మాత్రలు రాసింది. కొంచెం నయం.

నవ్వుకుని ఊరుకునేదే. కానీ ఆయన కూతురు కెజియాకు చక్కెర జబ్బు. తొమ్మిదేళ్ళ పిల్ల. రోజూ ఇన్సులిన్ సూది పడాలి. మందు డబ్బు ఖర్చయిపోయి రెండుసార్లు పిల్లను ఆసుపత్రిలో చేర్చారు. రెండోసారి కళ్ళు తెరుస్తుందని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. మూడోసారి రాకూడదని నన్ను చేయించారు.

ఆయన భార్య సువార్త ఆరు అరలు పెట్టమంది. బియ్యం, అద్దె, గ్యాసు, బడి, చర్చి కానుక, మందు. పైన మూత. ఆటోలో మీటరు కింద బిగించారు. వెనక బేరం తొందరపెడుతుంటే ఏది ఏ అరో చూసుకునే ఓపిక ఆయనకెక్కడిది? అంతా మొదటి అరలోనే కుక్కాడు. మూత వేశాక నన్నే మరిచిపోయాడు. కొన్నాళ్ళకు నా మీద తడి తువ్వాలు ఆరేశాడు.

సాయిబు మళ్ళీ కత్తెర తీశాడు. "ఆరు నీకెందుకురా, రెండు చాలు. ఒకటి మందు. రెండోది మిగతా లోకం" అన్నాడు. మూత పీకేసి, ముందు వైపు ఫొటో అద్దం ముక్క పెట్టాడు. లోపలి నోట్లు ఎప్పుడూ కనబడుతుండాలని. మందు అర అద్దం మీద ఒక గీత గీశాడు. నోట్లు ఆ గీత దాకా వస్తే నెల మందు వచ్చినట్టు. లెక్క లేదు. చూస్తే చాలు. ఆ ఒక్క అరకు నోటు దూరేంత సందున్న మూత వేసి తాళం పెట్టాడు.

తాళం చెవి యేసోబు దగ్గర ఉంటే పోయింది. రెండోది సువార్త దగ్గర ఉంటే ఆయన రోజూ బతిమాలేవాడు, ఆమె అరిచేది. "నేను నీ పెళ్ళాన్నా, జైలు జవానునా?" అని ఒకరోజు దాన్ని తీసుకెళ్ళి మందుల షాపు శేషగిరికి ఇచ్చేసింది. మందు ఇచ్చేటప్పుడు ఆయనే తెరిచి తీసుకుంటాడు. ఆ ఏర్పాటు బాగానే నడిచింది. అయినా యేసోబు చెయ్యి నా వైపు వస్తే నాకు వణుకే. ఆటో వణుకులో అది ఎవరికీ తెలిసేది కాదు.

ఒక ఆదివారం పొద్దున కెజియా చేతిలోంచి మందు సీసా జారి పగిలింది. యేసోబు అప్పుడు ఊళ్ళో లేడు. 'మిగతా లోకం' అర ఊడ్చి తీగలు లేని గిటారు ఒకటి కొనుక్కుని మధ్యాహ్నం వచ్చాడు. అప్పటికి పిల్ల వాంతులు చేసుకుంటోంది. శేషగిరి షాపుకు తాళం. బామ్మర్ది పెళ్ళికి ఒంగోలు వెళ్ళాడట. నా తాళం చెవి ఆయన జేబులో ఉంది. బజారు అవతల ఇంకో షాపు తెరిచే ఉంది కానీ వాళ్ళు అరువివ్వరు.

"పగలగొట్టు" అంది సువార్త.

"నువ్వు పగలగొట్టు. ఆ నోట్లు నా చేతికి రానియ్యమాక."

"పిల్లనెవరు చూస్తారు?"

ఆయన కాసేపు నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ నన్ను తెరుస్తారేమోనని భయపడ్డాను. ఆ కాసేపూ తెరవరేమోనని భయపడ్డాను. తర్వాత పానా తీసి నా పక్క చీల్చాడు.

నోట్లు చేతిలో పెట్టుకోలేదు, జేబులోనూ పెట్టుకోలేదు. మడిచి పళ్ళ మధ్య కరుచుకున్నాడు. నోరు మూసుకుంటే బేరమాడలేడు. అది ఆయనకు ఆయనే కనిపెట్టుకున్న ఉపాయం.

దారంతా ఆదివారం బజారు. "ఏరా యేసోబా, నోట్లో ఏందిరా, గడ్డి పరకా?" అని ఎవరో నవ్వారు. పాత స్పీకర్లు అమ్మేచోట ఆటో నెమ్మదించింది. ఆయన కళ్ళు అటు పోయాయి. ఒక చెయ్యి హ్యాండిల్ వదిలి నోటి దాకా లేచింది. చీలిన పక్కతో ఊగుతున్నాను. నాలో ఆపడానికి ఏమీ మిగల్లేదు. ఆయన దవడలు బిగుసుకున్నాయి, గడ్డం మీదికి చొంగ కారింది. చెయ్యి తిరిగి హ్యాండిల్ మీద పడింది. ఆటో కదిలింది.

షాపువాడు ఆ తడి నోట్లను రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం చిట్లించి, ఫ్యాను కింద ఆరేశాడు. మందు ఇచ్చాడు.

ఆసుపత్రి దాకా పోలేదు. చీకటి పడేవేళకు కెజియా లేచి కూర్చుని, ఆ గిటారు తనకేనా అని అడిగింది.

మర్నాడు సాయిబు టంకం కాస్తుంటే యేసోబు ఆపాడు. "గట్టిగా వద్దు సాయిబూ. ఈ పక్క చేత్తో లాగితే రావాలి."

"అట్టాగైతే తాళమెందుకురా మళ్ళీ?"

"తాళం నాకు. అతుకు పిల్లకి."

సాయిబు ఆ పక్క పలచగా అతికాడు.

అది ఎక్కడుందో యేసోబుకు తెలుసు. స్పీకర్ల అంగడి దగ్గర ఆటో నెమ్మదించినప్పుడల్లా ఆయన బొటనవేలు అక్కడికి వస్తుంది. అతుకును తడుముతుంది. లోపల నోట్లు గీత దాకా ఉంటాయి. నేను బిగుసుకుపోతాను. ఇవాళ్టిదాకా ఆ వేలు వెనక్కి పోయింది.

రేపు ఆదివారం.