ఎవరివీ ఎనిమిది ఆంపియర్లు?

షెడ్డులో ఫ్రీజరు మూత ఎత్తగానే దేవి ముక్కు మూసుకుంది. నిన్న రాయిలా ఉన్న కోనాం చేపలు ఇవాళ వేలు పెడితే లోపలికి దిగిపోతున్నాయి. అడుగున ఎర్రటి నీళ్ళు, వాటి మీద నురగ. పుట్టినప్పటి నుంచి చేపల మధ్య బతికిన మనిషే ముక్కు మూసుకుందంటే ఆ కంపు ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

ఇది మొదటిసారి కాదు. మొన్నామధ్య ఇలాగే మెత్తబడ్డ చేపని చూసుకోకుండా రాజాం హోటలుకి పంపింది. హోటలాయన బుట్ట తిప్పి పంపడంతో ఆగలేదు, దేవి దగ్గర కొనొద్దని తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాడు. చేపలమ్ముకునే మనిషికి అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఇంకొక్క బుట్ట ఇలా పోయిందంటే ఇక ఆమె దగ్గర కొనే నాథుడుండడు.

"పెట్టె కడుక్కోడం రాదేటే నీకు?" అంది అత్త బుల్లమ్మ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

షెడ్డు వెనకింటి అరుగు మీంచి మరిది నాగబాబు అందుకున్నాడు. "వొదినకి సెల్లు మీదున్న సెద్ద సేప మీద నేదమ్మా."

నాగబాబు పని చెయ్యకుండానే అలిసిపోయే రకం. మధ్యాహ్నం తిండి కాగానే ఏసీ వేసుకుని తలుపు బిడాయించుకుంటాడు. చల్లగా ఉంటుందని బుల్లమ్మ కూడా అక్కడే నడుం వాలుస్తుంది. దేవి మొగుడు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఉన్నాడు. హోటలు సంగతి చెప్తే ఫోన్లో అతనూ అదే పాట పాడాడు, ముందు పెట్టె కడుక్కుని చావమన్నాడు. చేప కంపయినా భరించొచ్చు గానీ ఈ మాటలు భరించలేం.

కరెంటు పనులు చేసే ఈశ్వర్ పొద్దున్నే వచ్చి షెడ్డులో వోల్టేజి చూశాడు. రెండువందల పద్దెనిమిది. "ఏటీ నేదక్కా, బాగున్నాది," అనేశాడు. దేవి ఇంటర్లో ఫిజిక్సు చదివింది. పొద్దున్న బాగున్నది మధ్యాహ్నం కూడా బాగుండాలని రూలేం లేదు. సాయంత్రం ఇచ్చేస్తానని అతని మీటర్లు అడిగి పుచ్చుకుంది.

ఊరంతా కునుకు తీసే వేళ మళ్ళీ చూసింది. తన ఇంటి మీటరు దగ్గర రెండువందల ముప్ఫై వోల్టులు. అక్కడి నుంచి తీగ పెరడు దాటి షెడ్డుకి వెళ్తుంది. షెడ్డులో ప్లగ్గు దగ్గర నూట డెబ్భై. ఫ్రీజరు ఆయాసపడుతూ మూలుగుతోంది. దారిలో అరవై వోల్టులు ఎవడు మింగాడు?

ఇంటి దగ్గర ఒక్క తీగని విడిగా పట్టుకుని, కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తగిలించింది. పది ఆంపియర్లు. అరవైని పదితో భాగిస్తే ఆరు ఓములు, అది తీగ నిరోధం. సన్న తీగ, పొడుగు దారి, సరేలే అనుకుంది. కానీ ఫ్రీజరు లాగేది మహా అయితే రెండు ఆంపియర్లు. వెళ్ళి దాని స్విచ్చి ఆపి వచ్చింది. తీగ చివర ఇంకేమీ లేదు, సున్నా రావాలి. ఎనిమిది చూపించింది. మీటరు తీసి మళ్ళీ తగిలించింది. ఎనిమిదే.

ఆరు ఓముల తీగలో ఎనిమిది ఆంపియర్లు పోతే నలభై ఎనిమిది వోల్టులు దారిలోనే రాలిపోతాయి. మిగిలేది నూట ఎనభై రెండు. షెడ్డుకెళ్ళి చూస్తే సరిగ్గా అంతే ఉంది. అంటే ఆ కరెంటు తీగ చివరిదాకా పోతోంది, లాగేవాడెవడో షెడ్డు పక్కనే ఉన్నాడు. నూట ఎనభై రెండుని ఎనిమిదితో గుణించింది. పద్నాలుగు వందల యాభై వాట్ల పైమాటే. అది బల్బు కాదు, ఫ్యాను కాదు. ఆ చుట్టుపక్కల అంత తినేది ఒక్కటే ఉంది, వెనకింటి గోడకి వేలాడుతూ నీళ్ళు కారుస్తోంది.

షెడ్డు చూరు కింద వెతికితే నల్ల టేపు చుట్టిన అతుకు కనబడింది. అక్కడి నుంచి తీగలు తిన్నగా నాగబాబు గదిలోకి. సొంత మీటరుండగా! ఛీ, ఏం మనుషులు! చల్లగా పడుకోవడానికి ఆమె కరెంటు కావాలి, చేప కుళ్ళితే తిట్టడానికీ ఆమే కావాలి. దబదబా తలుపు బాదింది.

"అన్నకి తెలుసు కదొదినా," అన్నాడు నాగబాబు ఆవలిస్తూ. సిగ్గన్నది ఏ కోశానా లేదు.

వెనక మంచం మీద బుల్లమ్మ దుప్పట్లోంచి తల బయటపెట్టింది. "ఇంట్లో మాట, బయట అనకే."

దేవి అక్కడే నిలబడి వెరావల్‌కి ఫోన్ కొట్టింది.

"తమ్ముడు అడిగినాడు, తీసుకోమన్నాను," అన్నాడు మొగుడు. "నీకు సెప్తే గోల సేస్తావని సెప్పనేదు."

"మరి సేప కుల్లిపోతంటే నన్ను కడుక్కోమన్నావేటి మావా?"

"ఊరుకోయే. నలుగురికీ తెలిస్తే పరువు పోతాది."

"ఎవులి పరువు?" అని ఫోన్ పెట్టేసింది. ఆ గొంతు మీదే రోత పుట్టింది. ఇంటి దగ్గర మెయిను దించేసి, ఈశ్వర్‌ని పిలిచి ఆ అతుకు పీకించింది.

మర్నాడు బోట్లు ఒడ్డుకొచ్చాయి. ఆడవాళ్ళూ బేరగాళ్ళూ చేపల చుట్టూ మూగారు. దేవి వెళ్ళి కూర్చోగానే పక్కనున్న దానమ్మ తన బుట్ట దూరం జరుపుకుంది. "నీ సేప కంపంట కదే, నా బేరం కూడా పాడవతాది," అంది.

దేవి లేచి నిలబడింది. పెళ్ళయిన నాటి నుంచి మొగుడి పేరు ఆమె నోట విన్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. రేషన్ డిపోలో అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించేది.

"అందరూ ఇనండి," అంది ఒడ్డంతా వినబడేలా. "నా సేపని కుల్లబెట్టినోడు హరిబాబు."