ఒడెట్ ఇంటి ఈతతొట్టి

ఆ యేడు చలికాలం పోతూ పోతూ మనోన్ పెరట్లో నేలమీద నిలబెట్టిన ఈతతొట్టిని కూడా వెంట తీసుకుపోయింది. తొట్టిలో గడ్డకట్టిన మంచు ఏప్రిల్లో కరుగుతూ ఒక పక్కకు జారి, తుప్పు పట్టిన రేకు గోడను నిలువునా చీల్చేసింది. నీళ్లన్నీ పక్కింటి ముసలాయన వెల్లుల్లి మడిలోకి పోయాయి. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ వారమంతా కంచె దగ్గరకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని మడికేసి చూస్తూ నిలబడేవాడు. ఆ నిలబడటమే తిట్టు.

షావినిగన్ లాంటి చలి ఊళ్లో ఎండాకాలం అంటే నాలుగు రోజుల ముచ్చట. జూన్ చివర్లో సెయింట్ జాన్ పండగ నాటికి పెరట్లో నీళ్లు లేకపోతే ఇక ఆ యేడు ఎండ వచ్చినట్టే కాదు మనోన్‌కి. పొద్దున్నా సాయంత్రం స్కూలు బస్సు నడుపుతుంది ఆమె. బస్సునిండా పిల్లల కేకలు విని విని, ఇంటికొచ్చి నీళ్లలో తల ముంచితే గానీ చెవుల్లో హోరు తగ్గదు.

"కొత్తదెందుకు మనోన్, దండగ," అన్నాడు రెజాన్ ఒకరోజు భోజనం దగ్గర. "మన తొట్టి ఉందిగా పక్కూరు గ్రాన్‌మేర్‌లో. ఊడదీసి తెచ్చుకుందాం."

"మన తొట్టా?"

రెజాన్ చెంచా ఆగింది. "అదే... ఒడెట్ వాళ్లది. ఇల్లు అమ్మేస్తోంది కదా. కొనేవాళ్లకి తొట్టి వద్దట. ఎవరైనా విప్పుకుపోతే పట్టుకుపొమ్మంది. లోపల పరిచే ప్లాస్టిక్ లైనర్ ఒక్కటి కొత్తది వేసుకుంటే చాలు."

ఒడెట్ రెజాన్ మొదటి పెళ్లాం. వాళ్లు విడిపోయి చాలా ఏళ్లయింది. మనోన్ వల్ల విడిపోలేదు, ఆమె ఆ తర్వాతెప్పుడో వచ్చింది. కాబట్టి ఒడెట్ మీద కుళ్లుకోవడానికి న్యాయంగా మనోన్‌కి ఏ కారణమూ లేదు. కడుపుమంటకి న్యాయమేముంది! ఒడెట్‌ని రెజాన్ చర్చిలో పెళ్లాడాడు. మనోన్‌తో పాదిరీ ముందూ నిలబడలేదు, మేయరు ముందూ నిలబడలేదు. ఆ ఊళ్లో సగం జంటలు అలాగే ఉంటాయి, ఎవరూ వేలెత్తి చూపరు. పైగా 'మనకెందుకా తంతు' అని మొదట అన్నది మనోనే. అయినా ఒడెట్ పేరు వినబడగానే ఆ చర్చి, ఆ తెల్లగౌను, తను ఎన్నడూ చూడని ఆ రోజు కళ్లముందు కదిలేవి.

"సరే, తెచ్చుకో," అంది. "నేనూ వస్తాను విప్పడానికి."

"నీకెందుకు శ్రమ? ఫెర్నాన్ వస్తానన్నాడు."

"శ్రమేం లేదు," అంది మనోన్, ఉడికిన బంగాళాదుంపను ఫోర్కుతో నలిపి పిండి చేస్తూ.

*

ఫెర్నాన్ ఒడెట్ తమ్ముడు. అక్క విడాకులు తీసుకున్నా ఇతను రెజాన్‌ని 'బావా' అనడం మానలేదు. లారీ దిగుతూనే మొదలుపెట్టాడు.

"ఏం బావా, నీ చేత్తో కట్టిన కోట నీ చేత్తోనే కూలుస్తున్నావన్నమాట! మనోన్ చెల్లెమ్మా, నువ్వు కూడా వచ్చావే! చేతులు జాగ్రత్త. ఆ రేకు అంచు మా అక్క నాలుక కన్నా పదును."

"నీ నాలుక కన్నానా?" అంది ఒడెట్ వెనకనుంచి, నవ్వుతూ.

ఒడెట్‌ని అంత దగ్గరగా చూడటం మనోన్‌కి అదే మొదలు. అందగత్తె అయితే బాగుండును అనుకుంది, కనీసం అసహ్యించుకోవడానికి వీలుండేది. కాదు. పొట్టిమనిషి, నెరిసిన జుట్టు మగరాయుడిలా కత్తిరించుకుంది, మోకాళ్ల మీద మట్టి. పూలమొక్కల దగ్గర్నుంచి లేచొచ్చి చెయ్యి చాచింది. "రా మనోన్. నువ్వు వస్తావనుకోలేదు. మంచిపని చేశావ్."

"మీ ఇల్లు బాగుందండీ," అంది మనోన్. ఆ 'అండీ' కావాలనే తగిలించింది.

పని మొదలైంది. పైన అంచు పట్టీలు విప్పడం, స్తంభాలు ఊడదీయడం. రెజాన్ చెయ్యి చాచేసరికి అతనడగకుండానే స్పానర్ ఆ చేతిలో పెట్టేది ఒడెట్. అతను ఒక పట్టీ దగ్గర ఆగి తల గోక్కుంటే, "అది పైకెత్తి లోపలికి తొయ్యాలి, మర్చిపోయావా," అనేది. చివరికి గోడ. ఆ పొడవాటి రేకును గుండ్రంగా చుట్టాలి. ఒక పక్క రెజాన్, ఇంకో పక్క ఒడెట్. వాళ్లిద్దరూ ఒక్క మాట లేకుండా, ఒకే అడుగు ఒకే పట్టు అన్నట్టు, చాప చుట్టినట్టు చుట్టుకుంటూ వచ్చారు. మనోన్‌కి రెండో కొస అప్పగించారు. "ఊరికే పట్టుకో, కదలకుండా చూడు, అంతే," అన్నాడు రెజాన్.

మనోన్ పట్టుకుంది. కదలకుండా చూసింది. చూస్తున్నకొద్దీ గుండెలో ఎవరో కుంపటి రాజేస్తున్నట్టుంది. తనూ రెజాన్ కలిసి ఒక దుప్పటి మడతపెట్టాలన్నా 'అటు కాదు, ఇటు', 'నువ్వు వదిలావ్', 'నువ్వే లాగావ్' అని అరుచుకోకుండా ఏనాడూ అవలేదు. వీళ్లు చూడబోతే ఒకే ఒంటికి నాలుగు చేతులున్నట్టున్నారు.

మధ్యాహ్నం ఒడెట్ గుడ్డు శాండ్‌విచ్‌లు పట్టుకొచ్చింది. రెజాన్ ప్లేటులో వాటికి మాత్రం అంచులు కోసేసి ఉన్నాయి. పక్కన ఊరబెట్టిన బీట్‌రూట్ ముక్కలు. రెజాన్ అవి చూడను కూడా చూడకుండా తినేశాడు. రొట్టె అంచులు అతనికి పడవని మనోన్‌కి అప్పటిదాకా తెలియదు. ఇంట్లో ఇన్నాళ్లూ కిక్కురుమనకుండా అంచులతో సహా తింటున్నాడు.

వెళ్లేముందు ఒడెట్ లారీ దగ్గరకొచ్చి, "గోడ నిలబెట్టేటప్పుడు కనీసం నలుగురుండాలి. ఆదివారం నాకు తీరికే, వస్తాను," అంది.

"అక్కర్లేదండీ," అంది మనోన్, రెజాన్ నోరు తెరిచేలోగా. "మా మనుషులున్నారు."

*

మా మనుషులంటూ ఎవరూ లేరు. మనోనే ఉంది. బస్సు దిగిన ప్రతి సాయంత్రం పారపట్టింది. పాత తొట్టి ఉన్నచోట గడ్డి చెక్కింది, మట్టి తవ్వింది, రాతిపొడి పోసి, నడిమధ్య ఒక మేకు దిగ్గొట్టి, దానికో పొడవాటి పలక కట్టి గుండ్రంగా తిప్పుతూ నేలను అద్దంలా చదును చేసింది. ఆ నేల చూసి రెజాన్ ఈలవేశాడు. "ఇంత చదును ఆ ఇంట్లో కూడా రాలేదు."

ఆ మాటకి మనోన్ మొహం వెలిగింది, వెంటనే నల్లబడింది. మెచ్చుకోవడానికి కూడా ఆ ఇల్లే కావాలా ఇతనికి?

"గోడ శనివారమే నిలబెట్టేద్దాం," అంది.

"ఆదివారం అనుకున్నాం కదా?"

"ఆదివారం దాకా ఎందుకు? నువ్వు, నేను, ఫెర్నాన్. చాలదూ?"

శనివారం గాలి ఉంటుందని పొద్దున్నే బస్సులో రేడియో చెప్పింది. ఆ మాట మనోన్ నోట్లోనే ఉండిపోయింది. ఆదివారమైతే వద్దన్నా ఒడెట్ వస్తుంది. వచ్చి తన పెరట్లో, తను చదును చేసిన నేలమీద, అతని చేతికి స్పానర్లు అందిస్తుంది.

శనివారం పొద్దున ఆకు కదల్లేదు. ఫెర్నాన్ రేకు చుట్టను నిలబెట్టి విప్పుతుంటే, రెజాన్ దాని అడుగును గాడిలో కూర్చుతూ నడిచాడు. మనోన్ వెనక నుంచి ఆనుకుని నిలబెట్టింది. సగం వలయం పైగా లేచింది.

"ఇటు ఒంచు!" అంది మనోన్.

"ఒంచితే వంకరపోతుంది, నిటారుగా పట్టుకో!"

"నిటారుగానే పట్టుకున్నా, నీ కళ్లే వంకర!"

"అబ్బబ్బ," అన్నాడు ఫెర్నాన్. "బావా, ఇంటికెళ్లి చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చుకోనా?"

అప్పుడే నది వైపు నుంచి గాలి వచ్చింది. ఒక్క విసురు. రేకు తెరచాపలా ఉబ్బి మనోన్ చేతుల్లోంచి ఊడింది. చుట్ట పక్కకి దొర్లింది, ఫెర్నాన్ వెనక్కి గెంతాడు, గోడ మొత్తం ఫెళఫెళమంటూ పడగ విప్పినట్టు లేచి రెజాన్ మీదికి వాలింది. అతను మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అంచు మోచేతి కింద నుంచి మణికట్టు దాకా గీసుకుపోయింది.

రక్తం రాతిపొడి మీద చుక్కలు చుక్కలుగా పడింది. మనోన్ తన చొక్కా విప్పి అతని చేతికి చుట్టి, లోపలి బనీనుతోనే కారు ఎక్కించింది.

ఆసుపత్రిలో కూర్చోబెట్టారు గానీ ఎవరూ పిలవలేదు. ముందు గుండెనొప్పులు, తర్వాత దగ్గే పసిపిల్లలు, ఆ తర్వాత చెయ్యి తెగినవాళ్లు. ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నారు. ఇక దాచడం మనోన్ వల్ల కాలేదు.

"రెజాన్. గాలి వస్తుందని నాకు తెలుసు. రేడియోలో చెప్పారు."

"నాకూ తెలుసు," అన్నాడు రెజాన్. "నేనూ విన్నా."

మనోన్ తలతిప్పి చూసింది. "విని మరెందుకు ఒప్పుకున్నావయ్యా?"

"ఆదివారం అన్నప్పుడల్లా నీ మొహం పుల్లమజ్జిగ తాగినట్టు అవుతోంది. ఏదోలే, గాలి వచ్చేలోగా కానిచ్చేద్దాం అనుకున్నా." కుర్చీలోనే ఆమె వైపు తిరిగాడు. "ఒడెట్‌తో నాకేం లేదు మనోన్."

"తెలుసు."

"తెలిస్తే మరేంటి?"

"తెలిస్తే మాత్రం మండకూడదా?" అంది మనోన్. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ అల్లిక ఆపి, ఆసక్తిగా చూసింది.

*

రెజాన్ చేతికి కుట్లు పడ్డాయి. బరువు ఎత్తొద్దన్నారు. పెరట్లో రేకు నేలమీద పడి ఉంది, ఒకచోట మోకాలు మడిచినట్టు మడత. అలాగే వదిలేస్తే పాడైపోతుంది. రెజాన్ ఫోను తీయబోతే మనోన్ వద్దంది. తనే చేసింది.

"ఒడెట్, నేను మనోన్‌ని. గోడ పడిపోయింది. నాకు చేతకాలేదు. వస్తావా?" అంది. ఆ ముక్కల్లో ఏది ఎక్కువ కష్టమైందో ఆమెకే తెలియాలి. 'అండీ' మాత్రం మర్చిపోయింది.

ఆదివారం ఒడెట్ రబ్బరు సుత్తితో వచ్చింది. రెజాన్‌ని చూసి, "చెయ్యెలా ఉంది?" అని అడిగి, జవాబు వినకముందే పెరట్లోకి నడిచింది. ఇద్దరాడవాళ్లూ మడత దగ్గర చెరోవైపు కూర్చున్నారు. మనోన్ వెనక చెక్క ఆనించి పట్టుకుంటే, ఒడెట్ మెల్లగా కొడుతూ మడత తీస్తోంది.

"ఈ నేల ఎవరు చదును చేశారు?"

"నేనే."

"బాగా చేశావు."

మనోన్ చెక్కను సరిగ్గా ఆనించింది. ఇక ఆపుకోలేక అనేసింది. "ఆ రోజు మీరిద్దరూ ఒక్క మాట లేకుండా చుట్టారు ఈ గోడని. నేను చూస్తూ నిలబడ్డా. నాకు..." ఆగిపోయింది.

ఒడెట్ సుత్తి పక్కన పెట్టింది. "ఓ, అదా!" అని నవ్వింది, కానీ అది నవ్వులా లేదు. "మేం పదిహేనేళ్లు అలాగే బతికాం మనోన్. మాటలుండేవి కావు. సాయంత్రమైతే అతను తొట్టిలో చెత్త తీసేవాడు, నేను మొక్కలకు నీళ్లు పోసేదాన్ని. ఈదడం అతను ఎప్పుడో మానేశాడు. ఏదో ఒక నట్టు బిగిస్తూ ఉండేవాడు, లోపలికొస్తే నాతో మాట్లాడాల్సి వస్తుందని. ఆ పనంతా కలిసి చేయగా చేయగా చేతులకి అలవాటైపోయింది. నువ్వు చూసింది ఆ అలవాటునే."

మనోన్ వేళ్లతో మడత అంచు తడిమింది.

"నిన్న ఫెర్నాన్ నా దగ్గరకొచ్చి మీ గొడవ అంతా నటించి చూపించాడు. 'నీ కళ్లే వంకర' అన్నావట కదా! రెజాన్ అరిచాడట కదా! అతని గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. నాతో ఒక్కసారి కూడా అరవలేదు." ఒడెట్ సుత్తి మళ్లీ తీసుకుంది. "రాత్రి అన్నం దిగలేదు నాకు. ఇంత వయసొచ్చి సిగ్గులేకుండా. ఆ పక్క కాస్త గట్టిగా పట్టుకో."

మనోన్ గట్టిగా పట్టుకుంది. జాలి కలగాల్సింది. కలిగింది కూడా, కొంచెం. కానీ అంతకన్నా ముందు కలిగింది సంతోషం, చెప్పుకోలేనంత సంతోషం. ఆ సంతోషానికి ఆమెకే చెవులు వేడెక్కాయి.

ఆ మధ్యాహ్నం ఫెర్నాన్, అతని పెళ్లాం కూడా చెయ్యేస్తే గోడ లేచింది. మడత పడినచోట టేపు అంటించి, లోపల స్పాంజి వేశారు. కొత్త లైనర్ ముడతలు మనోనే లోపలికి దిగి వట్టికాళ్లతో నెడుతూ సరిచేసింది. రెజాన్ కుర్చీలో కూర్చుని, "అటు కాదు, ఇటు!" అంటూ కేకలు. "నోరు మూసుకో!" అని లోపల్నుంచి మనోన్. ఒడెట్ స్తంభాలు బిగిస్తూ తలెత్తలేదు.

పైపు పెట్టి నీళ్లు వదిలాక అందరూ బీరు తాగారు. ఒడెట్ సగం సీసా వదిలేసి లేచింది. గేటు దగ్గర మనోన్, "నిండాక ఒకరోజు రా, ఈదడానికి," అంది. పిలవాలని పిలిచింది, రాకపోతే బాగుండుననీ అనుకుంది. ఒడెట్ ఆ రెండూ అర్థమైనట్టే తలూపి, "చూద్దాంలే. కొత్తింట్లోకి మారాలి కదా," అంది. ఆ వేసవిలో ఆమె రాలేదు.

ఆమె కారు మలుపు తిరిగాక మనోన్ వచ్చి రెజాన్ పక్కన కూర్చుంది. నీళ్లు అడుగున ఇంకా చీలమండల లోతే ఉన్నాయి.

"ఆ ఇల్లు పోతున్నందుకు బాధగా ఉందా?" అని అడిగింది. అడిగాక భయం వేసింది. ఇన్నాళ్లూ ఆ ఇంటి ఊసెత్తనిచ్చింది లేదు.

రెజాన్ కుట్లు పడిన చేతిని ఒళ్లో సర్దుకున్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. వంటింట్లో తనే వేసిన నేల చెక్కల గురించి, సామాన్ల గదిలోంచి ఎంతకీ పోని తేమవాసన గురించి, పుట్టకుండానే పోయిన ఒక బిడ్డ కోసం రంగు వేసిన చిన్న గది గురించి. ఆ గది సంగతి మనోన్‌కి తెలియదు. ప్రతి మాటా ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. అయినా ఆమె అతన్ని ఆపలేదు. మధ్యమధ్య, "ఏ రంగు?" అనీ, "ఆ తర్వాత?" అనీ అడుగుతూ కూర్చుంది.