అక్క రూములో నాలుగో చాప

శనివారం సాయంత్రం అక్క భుజం మీది బ్యాగు దించకముందే పల్లవి మా గడపలో ఉండేది. అక్క మొహం కడుక్కునేదాకా కూడా ఆగేది కాదు. "ఎస్తేరక్కా, ఒక్క మాట అడగాలె" అంటూ నోటుబుక్కు పట్టుకొని మంచం మీద కూచునేది. ఆ ఒక్క మాట అన్నాలు తినేదాకా సాగేది.

పల్లవి వాళ్లది మాకు మూడిండ్ల అవతల. ఇద్దరం ఎల్లారెడ్డిలో ఇంటర్ ఒకే క్లాసులో చదివాం. ఊరి నుంచి ఒకే ఆటోలో వెళ్లి వచ్చేవాళ్లం. ఈ ఎండాకాలం పాసై, ఇద్దరం కామారెడ్డిలో డిగ్రీకి పెట్టుకున్నాం. మా అక్క ఎస్తేరు అక్కడే డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాస్తోంది. మా వాడలో ఇంటర్ దాటి చదివిన మొదటి ఆడపిల్ల తనే. కాలేజీ గురించి ఎవరికి ఏం తెలుసుకోవాలన్నా అక్కనే అడగాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా కడుపులో మండేది.

అక్క నాతో అట్లా మాట్లాడదు. "కోడి గుడ్లు పెడ్తుందా? నా నీలం చున్నీ ఏడ వెట్టినవ్?" ఇంతే. నేనూ ఏమీ అడగను. అడగాలనుకున్నవి డైరీలో రాసుకుంటాను. పల్లవి వచ్చి సరిగ్గా అవే అడిగేస్తుంది. నేను వంటింట్లో బియ్యం ఏరుతూ గోడ ఇవతల నుంచి వినేదాన్ని. తర్వాత అక్క చెప్పినవన్నీ రాసుకునేదాన్ని. నా సొంత అక్క మాటలు నేను దొంగతనంగా రాసుకోవడం!

"టీసీ, మెమో ఒరిజినల్ ఎవ్వలికియ్యకు. ఇయ్యక తప్పకపోతే, ఇచ్చినట్టు చీటీ రాయించుకో. జిరాక్సులు అయిదు సెట్లు పెట్టుకో. ఆదాయం సర్టిఫికెట్ ఇప్పుడే మీసేవల పెట్టు, అడ్మిషన్లప్పుడు లైను పొడుగుంటది" అని చెప్పేది అక్క.

"అంతా ఇంగ్లీషు మీడియమంట గదక్కా. నాకైతే భయమైతుంది."

"మొదటి నెల సార్ ఏం చెప్తున్నడో నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. అందరు నవ్వితే నేను గూడ నవ్విన. పక్క పిల్లను అడిగి, తెల్వని మాటలు పక్కకు తెలుగుల రాసుకున్న. దసరా వరకు అలవాటైంది. కానీ ఆఖరు బెంచీల కూసోకు. ఆడ కూసుంటే మూడేండ్లయినా సార్లకు నీ పేరు తెల్వది."

నేను ఇంటర్ రెండేళ్లూ ఆఖరు బెంచీలోనే కూచున్నాను. అక్కకు ఆ సంగతి కూడా తెలియదు. పల్లవి మాత్రం నెల తిరిగేసరికి "ఎస్తేరక్కా" అనడం మానేసి, ఉత్త "అక్కా" అనడం మొదలుపెట్టింది.

అక్క రూములో నలుగురు ఉంటారు. మంచాలు లేవు, నాలుగు చాపలు. అందులో మంజుల అనే అమ్మాయి డిగ్రీ అయిపోయి ఊరికి వెళ్లిపోతోంది. ఆ మాట ఫిబ్రవరిలో అక్క ఫోన్లో అమ్మకు చెబుతుంటే విన్నాను. ఆ రోజు నుంచీ ఆ చాప నాదే అనుకున్నాను. తల ఏ గోడ వైపు పెట్టుకోవాలో కూడా అనుకున్నాను. పక్కపక్కన పడుకుంటే, లైటు ఆర్పాక అయినా అక్కను ఏదో ఒకటి అడగగలనేమో అనుకున్నాను.

ఏప్రిల్లో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, బాపు అడిగాడు. బాపు తాపీ పని చేస్తాడు, ఇంట్లో ఉండేది ఆ ఒక్క రోజే.

"ఎట్ల జేస్తవ్ బుజ్జీ? అక్క రూముల ఉంటవా, బస్సుకు పోయొస్తవా? ఆడపిల్లలకు బస్సు ఫ్రీనే గదా."

అక్క అక్కడే ఉంది. నేను "రూమెందుకు బాపు, బస్సుకే పోయొస్త" అన్నాను.

మా దగ్గర మొదట వద్దనడం మర్యాద. ఎవరింటికి పోయినా, తినమంటే వద్దంటాం, ఎంత ఆకలైనా. వాళ్లు ఇంకోసారి అంటారు, చెయ్యి పట్టి కూచోబెడతారు, అప్పుడు తింటాం. నేనూ అట్లానే అన్నాను. "బస్సెందుకే, నా దగ్గరుంటవు గని" అని అక్క అంటుందని చూశాను. అక్క "మంచిది" అని ఫోన్ చూసుకుంది.

మే నెల మధ్యలో ఒక శనివారం, గోడ అవతల అక్క పల్లవికి రూము గురించి చెబుతోంది.

"రూముల ఎవ్వలు రెండోసారి అడగరు పల్లవీ. తింటవా అంటే తింట అనాలె. నేను పోయిన కొత్తల సిగ్గుపడి వద్దన్న. మంజుల సరేనని కూర మొత్తం ఊడ్చి, గిన్నె కడిగి బోర్లించింది. ఆ పూట నీళ్లు తాగి పండుకున్న."

"మరి తెల్లారి?"

"తెల్లారి అడగకముందే కంచం పట్టుకొని కూసున్న."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా "వద్దు"ను అక్క ఎట్లా విన్నదో అప్పుడు తెలిసింది. అక్కకు నేను అక్కర్లేదని కాదు. నా మాట నమ్మింది, అంతే.

అంతలోనే పల్లవి అంది. "అక్కా, నువ్వు తోడుంటేనే పంపుతనంటుండు మా నాయిన. మీ రూముల జాగున్నదా?"

"ఉన్నది. మంజుల పోతుంది గద. బుజ్జి బస్సుకే వస్తనన్నది. నువ్వు రా."

నా చేతిలో చేట ఒరిగి బియ్యం నేల మీద పడ్డాయి.

"ఏందే ఆ సప్పుడు?" అని పెరట్లోంచి అమ్మ కేకేసింది.

"పిల్లి" అన్నాను.

రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. "నువ్వే అంటివి గదనే బస్సుకు పోతనని. ఇప్పుడేంది మొహం గట్ల వెట్టుకున్నవ్?" అంది అమ్మ. మూడో రోజు పల్లవి వచ్చి, ఆదాయం సర్టిఫికెట్‌కు ఏమేం కాగితాలు కావాలో అక్క చెప్పింది కానీ రాసుకోవడం మరిచిపోయానని, నాకేమైనా గుర్తుందా అని అడిగింది. నా డైరీలో తేదీతో సహా ఉంది.

"నాకు తెల్వది" అన్నాను.

ఆ ఎండలో పల్లవి ఎల్లారెడ్డి మీసేవకు రెండుసార్లు తిరిగింది. రెండోసారి ఎర్రగా కందిన మొహంతో ఆటో దిగుతుంటే మా గోడ దగ్గర నిలబడి చూశాను. నాకు సంతోషమైంది. దాచుకోవడం ఎందుకు, సాయంత్రం దాకా సంతోషంగానే ఉన్నాను.

ఇద్దరికీ ఒకే కాలేజీలో సీటు వచ్చింది. సర్టిఫికెట్లు ఇవ్వడానికి అక్కే మమ్మల్ని కామారెడ్డి తీసుకెళ్లింది. బస్సులో ముగ్గురి సీటు. కిటికీ దగ్గర పల్లవి, మధ్యలో అక్క, చివర్న నేను. దారి పొడుగునా అక్క కిటికీ వైపే తిరిగి మాట్లాడింది. నేను ఆమె జడ చూస్తూ కూచున్నాను.

కాలేజీ పని అయ్యాక అక్క పల్లవికి రూము చూపిస్తానంది. రైల్వే స్టేషన్ అవతల సందులో ఇల్లు. ఇంటి ఆమె శాంతవ్వ మెట్టు మీద కూచుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఎవ్వలే వీళ్లిద్దరు?"

"ఇది మా చెల్లె బుజ్జి. ఈమె మా వాడ పల్లవి, మంజుల జాగల వస్తది."

శాంతవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "చెల్లెను ఇడిసిపెట్టి పక్కింటి పిల్లను తెచ్చుకుంటున్నవా? మంచిదానివే."

"అది బస్సుకు వస్తదంట అవ్వా. దానికి గట్లనే ఇష్టం."

"కాదు" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. అయినా మాట బయటికి వచ్చేసింది. "నాకు ఇష్టం లేదు. నీ రూముల ఉండాలెనని ఉన్నది."

"ఏందే? బాపు ముంగట నువ్వే గద అన్నది?"

"అన్న. నువ్వు ఇంకోసారి అడుగుతవనుకున్న."

అక్కకు కోపం వచ్చింది. "ఇన్ని రోజులు మనసుల పెట్టుకొని ఇప్పుడు జెప్తున్నవా? ఈ పిల్లకు మాటిచ్చిన. ఇప్పుడెట్ల?"

"అయిదుగురిని పెట్టనియ్య, ముందే చెప్తున్న. నల్లా నీళ్లు సాలవు" అంది శాంతవ్వ.

అక్క పల్లవిని చూపించింది. "అడుగు మరి. ఆమెనే అడుగు."

పల్లవిని రెండేళ్లుగా నేను ఏదీ అడగలేదు, పెన్ను కూడా. ఆమె చెప్పుల వైపు చూస్తూ అడిగాను. "బస్సుకు పోతవా పల్లవీ?"

"పోను" అంది. కోపంగా ఏమీ అనలేదు. "నేనియ్య బుజ్జీ. మీ బాపు నిన్ను ఏ రూముకైనా పంపుతడు. మా నాయిన అట్ల గాదు. అక్క తోడు లేదంటే, రేపే బట్టల దుకాణంల పనికి పెడ్తడు."

అది నిజమే. ఆమె నాన్న సంగతి మా వాడంతటికీ తెలుసు. కానీ అప్పుడు నాకు ఆమె మీద జాలి కలగలేదు. "నేనియ్య" అనే మాట అంత తేలిగ్గా, కళ్లలోకి చూస్తూ ఎట్లా అనగలిగిందా అని మళ్లీ కడుపులో మండింది. అక్క పక్కన చాపతో పాటు ఆ మాట కూడా ఆమెకే ఉంది.

శాంతవ్వ చేటలోంచి ఒక గింజ ఏరి పక్కన పడేసింది. నేను ఆమె వైపు తిరిగాను. "అవ్వా, వేరే రూముల జాగున్నదా?"

"పైన ఉన్నది. సదాశివనగర్ పిల్లలిద్దరుంటరు, టీచర్ చదువు చదువుతరు. వాళ్లెవ్వలో నీకు తెల్వది. ఉంటవా?"

"ఉంట."

"బాపుకు చెప్పకుండనే?" అంది అక్క.

"నేను చెప్త."

బాపు ఒప్పుకున్నాడు. క్లాసులు మొదలైన రోజు పై రూములో దిగాను. సదాశివనగర్ అమ్మాయిలు మంచివాళ్లే. వాళ్ల మాటలు వాళ్లవి. నా బకీటు మీద పేరు రాసుకొమ్మని గోళ్ల రంగు ఇచ్చారు. పొద్దున కాలేజీకి అక్క, పల్లవి కలిసి వెళ్లేవాళ్లు. నేను మెట్లు దిగేసరికి సందు మలుపు తిరిగేవాళ్లు. సాయంత్రం కింద నుంచి నవ్వులు వినిపించేవి. అక్క నవ్వు ఇంటి దగ్గర వినిపించేదానికంటే పెద్దగా ఉంది ఇక్కడ. పుస్తకం తెరిచినా ఏ నవ్వు ఎవరిదా అనే వినేదాన్ని.

అయిదో రోజు సాయంత్రం కిందికి దిగాను. తలుపు తీసే ఉంది. అక్క, పల్లవి పేపరు పరుచుకొని పుంటికూర ఆకులు తెంపుతున్నారు.

"ఏందే, ఏమన్న గావాల్నా?" అంది అక్క.

ఏం లేదనే మాట నాలుక మీదికి వచ్చింది. మింగేశాను. "నువ్వు ఆమెతోని నవ్వుతుంటే పైకి వినబడ్తుంది. నాకు మంచిగనిపిస్తలేదు. అందుకే వచ్చిన."

పల్లవి నవ్వబోయి అక్క మొహం చూసి ఆగింది. అక్క రెండు కాడలు తుంచింది.

"నాతోని నువ్వెప్పుడన్న మాట్లాడినవా బుజ్జీ? ఏమడిగినా ఊ అంటవ్, ఉరుకుతవ్. నీ మనసుల ఏమున్నదో నాకేం ఎరుక?"

"ఇప్పుడు మాట్లాడుత."

"మాట్లాడు."

తలుపు పట్టుకొనే, "నువ్వు కొత్తల వచ్చినప్పుడు ఏడ్చినవా?" అన్నాను.

అక్క చేతిలో కాడ ఆగింది. "ఏడ్చిన. ఎవ్వలికి వినబడకుండ నల్లా ఇడిసి ఏడ్చిన." నన్ను చూసింది. "నువ్వు?"

"నాలుగు రోజులు."

"నేనైతే ఒక్కరోజు గూడ ఏడ్వలే" అంది పల్లవి.

"నిన్నెవ్వలడిగిండ్రే?" అంది అక్క.

ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. పల్లవి మాత్రం ఏమీ అనుకోలేదు, అక్క భుజానికి ఆనుకునే కూచుంది, లేవలేదు. నేను అక్కకు ఇటు పక్కన చోటు చేసుకొని కూచుని, కట్టలో సగం కూర నా ముందుకు లాక్కున్నాను.